వెనకసీటు తీర్పు

పెళ్లికొడుకును వెదికేటప్పుడూ, కారు కొనేటప్పుడూ సలహాలకు కరువుండదు. మొదటి విషయంలో ఆ సంబంధం వద్దన్నవాడు కూడా పెళ్లి భోజనానికి వస్తాడు. రెండో విషయంలో ఆ కారే కొనమన్నవాడు కూడా వాయిదా కట్టడానికి రాడు. అంతే తేడా.

మొన్న మా కాలేజీలో సహోద్యోగి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, “మాస్టారూ, మీరు నాలుగేళ్లుగా సెడాన్ నడుపుతున్నారు గదా! దానిలో మంచీ చెడూ చెప్పండి. కొనమంటారా, మానమంటారా?” అని అడిగారు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పమంటే తడుముకోకుండా చెబుతాను గాని, కార్లకు చెప్పడం నాకు అలవాటు లేదు. అయినా ఆయన సంగతి నాకు తెలుసు. భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్భై దాటిన తండ్రి. చేతిలో కొంత సొమ్ము, మిగతాది అప్పు. అటువంటి మనిషికి ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు. ఇంటికి వచ్చి నెమ్మదిగా ఆలోచించాను. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

నేను నడిపే కారు పేరు మాత్రం అడక్కండి. మెచ్చుకుంటే ప్రకటన అంటారు, ఆడిపోసుకుంటే తగాదా అంటారు. పైగా నేను చెప్పబోయే గుణదోషాలు ఒక్క కారువి కావు, ఆ కులానికంతటికీ చెందినవి.

సెడాన్ అంటే మూడు అరల కారు. ముందు అరలో ఇంజను, నడిమి అరలో మనుషులు, వెనక అరలో సామాను. ఎవరి అర వారిది. పొడవు నాలుగున్నర మీటర్ల పైచిలుకు, ఇంజను లీటరు నుంచి లీటరున్నర వరకు ఉన్నవాటిని మధ్యరకం అంటారు. మన దేశంలో ఈ రకానికి పెద్దన్న 1998లో వచ్చిన హోండా సిటీ. హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్ దాని వెనక పుట్టినవి. 2014లో వచ్చిన మారుతీ సియాజ్ 2025లో నిలిచిపోయింది. జనం ఎత్తు కార్ల వైపు తిరగడంతో ఈ కుటుంబం నానాటికీ చిన్నదవుతున్న మాట నిజం.

వెనకటికి మన ఇళ్లలో కారు అంటే ఒక్కటే బొమ్మ మనసులో మెదిలేది. ఇంగ్లీషువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్ అది. అదీ మూడు అరల బండే. 2014లో దాని తయారీ ఆగిపోయింది. నా చిన్నతనంలో జగ్గయ్యపేట నుంచి వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి బాడుగ అంబాసిడర్ మాట్లాడుకుంటే, అందులో తొమ్మిదిమందిమి ఎక్కేవాళ్లం. డ్రైవరును లెక్క వేయడం మరిచిపోయాను సుమా. అతనితో పదిమంది. మా అమ్మకు ఇప్పటికీ కారు అంటే అదే. నేను కొత్త కారు తెచ్చి గుమ్మం ముందు ఆపిన రోజున ఆవిడ కొబ్బరికాయ కొట్టించి, ఎక్కి కూర్చుని, దిగి, ఒకే ఒక్క మాట అన్నది:

“ఆ కారులో కూర్చునేదాన్నిరా నాయనా! దీనిలో పడుతున్నాను.”

ఆ మాట అప్పుడు నాకు కష్టంగా తోచింది. నాలుగేళ్లు గడిచాక చూస్తే, సెడాన్ మీద అంతకంటె క్లుప్తమైన విమర్శ మరొకటి కనిపించలేదు. అయినా ముందు గుణాలు చెప్పి, ఆనక దోషాలకు వస్తాను.

నా కాపురం జగ్గయ్యపేట, ఉద్యోగం నందిగామ. నడుమ దూరం సుమారు 30 కిలోమీటర్లు. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. చిల్లకల్లు దగ్గర జాతీయ రహదారి ఎక్కితే నందిగామ మీదుగా తిన్నగా విజయవాడ. ఒకప్పుడు 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు. చుట్టుపట్ల సున్నపురాయి ఉంది గనుక సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, అవి ఉన్నాయి గనుక లారీలున్నాయి. ఆ లారీల నడుమ 80 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు సెడాన్ సుఖం తెలుస్తుంది. బండి నేలను పట్టుకుని పోతుంది. పెద్ద లారీ పక్కనుంచి దూసుకుపోయినా తొణకదు. ఎందుకంటారా? మా పల్లెల్లో గడ్డిమోపులు ఆకాశమంత ఎత్తు వేసిన బండినీ, రాళ్లు అడుగున పరిచిన బండినీ చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మలుపులో ఒరిగేది మొదటిదే. బరువు నేలకు దగ్గరగా ఉండటమే సెడాన్ బలం. మనిషి పొట్టి గనుక గాలికి ఎదురు తక్కువ, ఆ మేరకు పెట్రోలు కూడా తక్కువ.

రెండో గుణం డిక్కీ. హోండా సిటీ ఐదవ తరం పెట్రోలు కారుకు 506 లీటర్లు, స్లావియాకూ వర్టస్‌కూ 521, వెర్నాకు 528 లీటర్ల చోటు ఉన్నదని తయారీదారుల లెక్క. లీటర్లలో చెబితే మన ఆడవాళ్లకు పాలు గుర్తుకొస్తాయి గాని సామాను కాదు. కనుక ఇట్లా చెబుతాను. నలుగురు మనుషులు మూడు రోజుల పెళ్లికి వెళ్లే పెట్టెలు, దారిలో మామయ్యగారిచ్చిన మామిడిపళ్ల బుట్ట, మా ఆవిడ వద్దంటున్నా అత్తగారు కట్టిచ్చిన పచ్చడి జాడీలు, అన్నీ పడతాయి. మా ప్రాంతానికి మరొక విశేషం ఉంది. ఇది మిరపకాయల సీమ. తాలింపుకూ కారానికీ ఏడాదికి సరిపడా ఎండుమిర్చి బస్తా ఏదో ఒక రోజున కారెక్కక తప్పదు. మా బావమరిది ఎత్తు కారులో సీట్ల వెనకే సామాను. మిర్చి బస్తా వేసుకున్న రోజున ఆ కారు తుమ్ముకుంటూ వస్తుంది. మా కారులో మిర్చి అర మిర్చిది, మనుషుల అర మనుషులది.

అయితే డిక్కీకీ ఒక మెలిక ఉన్నది. కుండ పెద్దది, మూతి చిన్నది. అమ్మ పట్టుకు నడిచే నాలుగుకాళ్ల చట్రం మడవకుండా అందులోకి దూరదు. లీటర్ల లెక్క చూసి సంతోషించేవారు మూతి వెడల్పు కూడా కొలుచుకోవాలి. హైబ్రిడ్ కొనాలనుకునేవారికి మరొక్క మాట. సిటీలో హైబ్రిడ్ రకానికి బ్యాటరీ వెనకే పెట్టడంతో డిక్కీ 306 లీటర్లకు తగ్గింది. పెట్రోలులో మిగిల్చింది పెట్టెల్లో పోతుందన్న మాట.

ఇక దోషాలు.

మొదటిది, పొట్ట కిందికి ఉండటం. సిటీకి నేలకూ పొట్టకూ నడుమ ఎడం 165 మిల్లీమీటర్లని చెబుతారు. అంటే పదహారున్నర సెంటీమీటర్లు. ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండితే ఆ ఎడం ఇంకా తగ్గుతుంది. రోడ్డు ఇంజనీర్ల శాస్త్రం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అటువంటిదాని మీద ఏ కారైనా పల్లకీలా ఎక్కి దిగుతుంది. కాని మన వీధుల్లోవి శాస్త్రం చదివినవి కావు. రాత్రికి రాత్రి వీధివారు చందా వేసుకుని సిమెంటుతో కట్టినవి. ఎత్తు ఎక్కువ, వెడల్పు బొత్తిగా తక్కువ. సెడాన్ ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ 2.6 మీటర్ల దూరం ఉన్నది. ముందు చక్రాలు కట్ట దిగిపోయి, వెనక చక్రాలు ఇంకా ఎక్కకుండా ఉన్న ఆ క్షణంలో కట్ట సరిగ్గా పొట్ట కిందికి వస్తుంది. అప్పుడు ‘గర్ర్’ మని ఒక చప్పుడు. ఆ చప్పుడు కారుకు కాదు, వాయిదాలు కట్టేవాడి గుండెకు. మా వీధి మొదట ఉన్న కట్ట దగ్గర మా పిల్లలిద్దరూ అడక్కుండానే దిగి నడుస్తారు. మెల్లగా, కొంచెం ఏటవాలుగా దాటిస్తే చాలావరకు తప్పుతుంది. వానాకాలంలో నల్లరేగడి దారి చాళ్లు పడితే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. అప్పుడు కారు రోడ్డు మీద ఆపి, మా ఊళ్లోకి నడిచి వెళ్లడమే.

రెండోది, ఐదో మనిషి. కాగితం మీద ఇది ఐదుగురి కారు. వెనక నడుమ కూర్చున్నవాడికి కాళ్ల దగ్గర దిమ్మె, వీపు వెనక గట్టి దిండు. ఆ చోటు ఎప్పుడూ ఇంట్లో నోరులేని పిల్లకు పడుతుంది. విజయవాడ దాకా పరవాలేదు. హైదరాబాదు దాకా అయితే దారిలో రెండుసార్లు చోట్లు మార్చాలి.

మూడోది, పన్ను. నాలుగు మీటర్ల లోపు పొడవూ, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజనూ ఉన్న చిన్న కారుకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. నాలుగు మీటర్లు దాటిన మన సెడాన్‌కు 40 శాతం. అర మీటరు పొడుగుకు ఇంత తేడా! అందుకే నాలుగు మీటర్ల లోపు డిక్కీ కుదించిన కార్లు అంతగా అమ్ముడవుతాయి. నిత్యం ఊళ్లోనే తిరిగేవారికి అవే చాలు. రహదారి మీద తరుచు దూరప్రయాణం ఉన్నవారే ఈ అర మీటరుకు డబ్బు పెట్టాలి. నేను రోజూ కాలేజీకి పోయేది ఆర్టీసీ బస్సులో. కారు అమ్మ కోసం, పెళ్లిళ్ల కోసం. ఆ లెక్కన నాకు గిట్టుబాటయిందా అని మా ఆవిడ అప్పుడప్పుడు అడుగుతుంది. నేను వినపడనట్టు ఊరుకుంటాను.

నాలుగోది నీళ్లు. ఇది మాత్రం నవ్వుతూ చెప్పదగింది కాదు.

2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ దాటాక ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి వచ్చింది. విజయవాడ, హైదరాబాదు నడుమ రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు మొదట్లోనూ అదే జరిగింది. ఆ జూలైలోనే మా అమ్మ కంటి శుక్లం ఆపరేషనుకు విజయవాడలో రోజు ఇచ్చారు. ముందు రోజు నుంచి వాన. మా బావమరిది పొద్దున్నే తన ఎత్తు కారు వేసుకుని వచ్చాడు.

“బావా, నీ కారు నీళ్లకు పనికిరాదు. నా దాన్లో పోదాం” అన్నాడు.

నిజమే గదా అనుకుని అమ్మను అందులో ఎక్కించాం. ఎక్కడానికి చిన్న పీట వేయవలసివచ్చింది. నందిగామ చేరేసరికి ముందుకు దారి లేదన్నారు. లారీలు బారులు తీరి నిలబడ్డాయి. బావమరిది ఊరుకోలేదు. లోపలి ఊళ్ల మీదుగా ఒక దారి తెలుసునన్నాడు. ఆ దారిలో నాలుగైదు కిలోమీటర్లు పోయాక ఒక చప్టా. దాని మీదుగా ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. లోతు తెలిపే రాయి కనపడటం లేదు. అవతలి గట్టు మాత్రం దగ్గరగానే ఉంది.

“మోకాలి లోతు కూడా ఉండదు బావా. ఇది ఎత్తు బండి. ఒక్క నిమిషం” అంటూ గేరు మార్చాడు.

నేను తటపటాయించాను. ఆపరేషను రోజు పోతే మళ్లీ ఎప్పుడిస్తారో. చూపు రోజురోజుకూ మందగిస్తున్నది. వెనకసీటు నుంచి అమ్మ అన్నది:

“ఆపు నాయనా. ఎడ్లు దిగనన్న నీళ్లలో మా నాన్న ఏనాడూ బండి దింపలేదు. ఎద్దయితే ముట్టె పెట్టి చూసి వెనక్కు తగ్గుతుంది. నీ బండికి ఆ తెలివి లేదు, నువ్వే తెచ్చుకోవాలి. నా కన్ను ఇంకో వారం ఆగుతుంది.”

బండి వెనక్కు తిప్పాం. బావమరిది ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. ఆపరేషను పన్నెండు రోజుల తరవాత జరిగింది, నిక్షేపంగా.

అప్పటి నుంచి నేను ఈ సంగతి శ్రద్ధగా తెలుసుకున్నాను. పారే నీటికి రెండు బలాలు. పక్కకు నెట్టేది ఒకటి, పైకి ఎత్తేది ఒకటి. అడుగు లోతు, అంటే సుమారు 30 సెంటీమీటర్ల పారే నీరు మామూలు కార్లలో చాలావాటిని కొట్టుకుపోనివ్వగలదు. రెండడుగులైతే ఎత్తు కార్లకూ, చిన్న ట్రక్కులకూ అదే గతి. పైగా నీటి అడుగున రోడ్డు ఉన్నదో కోసుకుపోయిందో పైకి కనపడదు. నిలవ నీటిలోనైనా, గాలి పీల్చే గొట్టం గుండా ఇంజనులోకి నీళ్లు పోతే, గాలిలా నీరు అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోతాయి. నీళ్లలో ఆగిన కారును మళ్లీ స్టార్టు చేయబోవడం అందుకే మహాపరాధం. అట్లా చెడిన ఇంజనుకు విడిగా ఇంజను రక్షణ తీసుకోకపోతే మామూలు బీమా డబ్బు రావడం కష్టం. కాబట్టి నీళ్ల భయంతో సెడాన్ మానేసి ఎత్తు కారు కొనేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పొట్టి కారు నీళ్లను చూస్తే మనకు భయం చెబుతుంది. ఎత్తు కారు ధైర్యం చెబుతుంది. పారే నీళ్ల దగ్గర భయమే మంచి స్నేహితుడు.

అన్నిటికంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. అది కారుది కాదు, మనది. వెనకసీటు పట్టీ పెట్టుకోకపోవడం.

ఒకనాటి సాయంత్రం చిల్లకల్లు దగ్గర గేదెలు అడ్డం వచ్చాయి. బ్రేకు గట్టిగా వేశాను. కారు బుద్ధిగా ఆగింది. వెనక కూర్చున్న అమ్మ ఆగలేదు. ముందు సీటుకు నుదురు కొట్టుకుని కళ్లద్దాలు పగిలాయి. పట్టీ పెట్టుకోమని అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పాను. “చీర నలుగుతుందిరా, వెనక కూర్చున్నదాన్ని నాకెందుకు?” అనేది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. తప్పు ఎక్కువ నాదే. అప్పుడు మా వేగం 40 లోపు గనుక కళ్లద్దాలతో పోయింది. 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నయినా గుద్దుకుని ఆగితే, పట్టీ లేని మనిషి ఆ వేగంతోనే ముందుకు పోతాడు. లెక్క వేసి చూస్తే అది ఎనిమిది అంతస్తుల మేడ మీది నుంచి పడ్డ వేగం. 2022 సెప్టెంబరులో మహారాష్ట్ర రహదారి మీద సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు ఆయన కూర్చున్నది ఎంతో ఖరీదైన కారు వెనకసీట్లోనే. పట్టీ పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనకవారికీ పట్టీ తప్పనిసరి అని చట్టం ఉన్నది. 2019 సవరణ ప్రకారం జరిమానా 1000 రూపాయలు.

2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ జరిపిన ఢీ పరీక్షల్లో స్లావియా, వర్టస్, వెర్నా మూడింటికీ ఐదేసి నక్షత్రాలు వచ్చాయి. మధ్యరకం సెడాన్‌కు ఇది గొప్ప గుణం, సందేహం లేదు. కాని ఆ పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మలు పట్టీలు పెట్టుకుని కూర్చుంటాయి. మనం పెట్టుకోకపోతే ఆ నక్షత్రాలు బొమ్మలవే, మనవి కావు.

ఇప్పుడు మా ఇంట్లో అందరి పట్టీలూ పడ్డాయని మా అమ్మాయి చూసి చెప్పేదాకా కారు కదలదు. అమ్మ ఎక్కడానికి కూడా ఉపాయం కుదిరింది. ముందు సీటు అంచున వెనక్కి కూర్చుని, తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద నున్నటి గుడ్డ ఒకటి పరిస్తే తేలిగ్గా తిరుగుతుంది. బయలుదేరగానే ఆ గుడ్డ తీసేయాలి, లేకపోతే మనిషి జారుతుంది. దిగేటప్పుడు మళ్లీ అదే వరస. ఇప్పటికీ పడటమే గాని, మెత్తగా పడుతున్నానంటుంది.

మర్నాడు కాలేజీలో మా సహోద్యోగికి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విని, “అయితే కొనమంటారా?” అన్నారు, మొదటికే వచ్చి.

“మీరు ఒక్క పని చేయండి” అన్నాను. “షోరూముకు మీరు ఒక్కరే వెళ్లి ముందు సీట్లో కూర్చోకండి. నాన్నగారిని వెంటబెట్టుకు వెళ్లండి. ఆయన్ను మూడుసార్లు వెనకసీట్లో ఎక్కించి దించండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీ వీధి కట్ట దాటించి చూడండి. ఆయన చేతికర్ర డిక్కీలో పెట్టి తీయండి. నడుమ పిల్లను కూర్చోబెట్టి పట్టీ పెట్టండి. ఎత్తు కారులోనూ, చిన్న కారులోనూ ఇదే చేయండి. ఆనక నాన్నగారిని అడగండి.”

ఆదివారం నాడు వెళ్లివచ్చారట. సోమవారం నవ్వుతూ చెప్పారు. మూడు షోరూములు తిరిగాక వాళ్ల నాన్నగారు అన్నారట: “కారు ఏదైనా సరేరా. ఇంతసేపు నన్ను అడిగావు, అది బాగుంది.”

ఏ కారు కొంటారో ఇంకా తేలలేదు. తీర్పు మాత్రం వెనకసీటుకే వదిలారు.